ఏజెంటుకు మీరిచ్చిన జవాబు ఏది?

ప్రశ్న: నేను రూపొందించిన వాల్వుకు గత ఏడాది మార్చి 6న మా దేశంలో పేటెంటు దరఖాస్తు వేశాను. ఆగస్టులో దాన్ని ఒక ప్రదర్శనలో పెట్టాను. ఏడాదిలోగా పీసీటీ (పేటెంటు సహకార ఒప్పందం, అంటే చాలా దేశాలకు ఒకే అంతర్జాతీయ దరఖాస్తు) కింద దరఖాస్తు వేయాలని ఏజెంటు ఫిబ్రవరి 20న మెయిల్లో గుర్తుచేస్తే జవాబిచ్చాను. తర్వాత అమ్మకు గుండె ఆపరేషన్. ఆసుపత్రిలోనే ఉండిపోయాను, గడువు దాటింది. ఆసుపత్రి సర్టిఫికెట్‌లో తేదీలు కాస్త వెనక్కి జరిపిస్తే చాలని స్నేహితుడంటున్నాడు. నా పరిస్థితి చూసి ఆలస్యాన్ని మన్నించరా?

జవాబు: ఏజెంటుకు ఏమని జవాబిచ్చారో రాయలేదు. తేలాల్సింది అదే. "డబ్బు చూసుకుని చెబుతాను, గడువు మాత్రం దాటనివ్వకండి" అని ఉంటే మీకు దారి ఉంది. "ఇప్పుడు వద్దు, తర్వాత చూద్దాం" అని ఉంటే అది మరపు కాదు, నిర్ణయం. ఆనక మనసు మారిందంటే ఎవరూ వినరు.

మొదటి దరఖాస్తు తేదీనే తర్వాతి దరఖాస్తుకూ లెక్కలోకి తెచ్చుకునే హక్కును ప్రాధాన్యం అంటారు. దాని పన్నెండు నెలల గడువు దాటినా, మరో రెండు నెలల్లోగా దరఖాస్తు వేసి ఆ హక్కును పునరుద్ధరించమని అడగొచ్చు. పీసీటీ రూల్ 26బిస్.3 ఇచ్చిన వెసులుబాటు ఇది. మీకు మే 6 ఆఖరు. ఆ రెండు నెలలకు పొడిగింపు లేదు. యుద్ధం, సమ్మె, ప్రకృతి వైపరీత్యాల మినహాయింపు ప్రాధాన్య గడువుకు వర్తించదు, దాని జోలికి వెళ్లకండి.

పునరుద్ధరణకు కొలబద్దలు రెండు. తగిన జాగ్రత్త తీసుకున్నా దాటిందా అన్నది ఒకటి, కావాలని దాటించలేదు అన్నది రెండోది. మొదటిది కఠినం. నియమం తెలియదన్నా, చేతిలో డబ్బు లేదన్నా సాధారణంగా చెల్లదు. అమ్మగారి ఆపరేషన్ చెల్లవచ్చు, కానీ ఏ రోజు చేరారు, ఏ రోజు ఇంటికొచ్చారు, ఏజెంటుకు ఒక్క ఫోను చేసే వీలు ఎందుకు లేకపోయింది అని అడుగుతారు. ఏడాది పొడవునా ఊరుకుని చివరి రెండు వారాలకు పని పెట్టుకోవడం మీ తప్పే.

ఇక ఆ సర్టిఫికెట్ మాట. డిశ్చార్జి పత్రం, బిల్లులు, మీ ఫోను రికార్డు అసలు తేదీలు చెబుతూనే ఉంటాయి. పేటెంటుకు విలువ వచ్చాక అవతలి పక్షం మొదట తవ్వేది ఈ ఫైలునే. అబద్ధపు ప్రమాణం బయటపడితే పేటెంటుతో పాటు మీరూ ఇరుక్కుంటారు. ఏజెంటుకిచ్చిన జవాబు మెయిలు చెరిపేద్దామా అంటారేమో, దాని నకలు ఆయన దగ్గర ఉంది.

ప్రాధాన్యం వదిలేసి కొత్తగా వేస్తే? ఆగస్టు ప్రదర్శన అడ్డొస్తుంది, దరఖాస్తుకు ముందే బయటపెట్టింది కొత్తది కాదంటారు. అమెరికా సొంత వెల్లడికి ఏడాది మన్నింపు ఇస్తుంది. యూరప్‌లో మాత్రం కొత్తదనం పోయినట్టే.

కాబట్టి ఈ వారమే ప్రాధాన్యం కోరుతూ దరఖాస్తు వేయండి. కొన్ని పేటెంటు కార్యాలయాలు ఒక్క కొలబద్దనే చూస్తాయి, కొన్ని ఈ అభ్యర్థననే తీసుకోవు. జెనీవాలోని వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) అంతర్జాతీయ బ్యూరో రెండూ చూస్తుంది. నేరుగా అక్కడ వేయడానికి మీ దేశ అనుమతి కావాలేమో ముందు ఏజెంటుతో తేల్చుకోండి. మొదట తగిన జాగ్రత్త, అది నెగ్గకపోతే రెండోది అని రాయించండి. మొదటిది నెగ్గితే ఎక్కువ దేశాల్లో చెల్లుతుంది. ఫిబ్రవరి 20 మెయిలు, ఆసుపత్రి కాగితాలు, తేదీలవారీ ప్రమాణ పత్రం జతచేయండి. అభ్యర్థన వీగిపోయినా, మే 6లోగా వేసిన దరఖాస్తులో ప్రాధాన్య కోరిక ఆలస్యం పేరుతోనే కొట్టుకుపోదు. తర్వాత ఒప్పుకునే దేశాల్లో విడివిడిగా మళ్లీ అడగొచ్చు. పీసీటీ దరఖాస్తును ఒక్కో దేశంలోకి తీసుకెళ్లే 30 నెలల గడువు లెక్క మాత్రం గత ఏడాది మార్చి 6 నుంచే నడుస్తోంది. దాన్ని మీ క్యాలెండర్‌లోనూ ఏజెంటు క్యాలెండర్‌లోనూ ఈ రోజే రాయించండి.