క్యాంపు ఫీజు కట్టండి, కార్డు మాత్రం గీకొద్దు

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా ఆయన ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తారు, జీతం 24 వేలు. నేను ఇంట్లో మిషన్ కుడతాను, నెలకు 6 వేల దాకా వస్తాయి. పాప ఎనిమిదో తరగతి, బాబు ఐదో తరగతి. జనవరి నెలాఖరున పాప స్కూలువాళ్లు భీమిలి వైపు సముద్రం ఒడ్డున ప్రకృతి శిబిరానికి తీసుకెళ్తున్నారు. రెండు పగళ్లు, ఒక రాత్రి. ఫీజు 3,500, జనవరి 5లోపు కట్టాలి. స్కూలు ఇచ్చిన లిస్టు, పాప అడిగినవి కలిపితే ట్రాలీ బ్యాగు 1,800, షూస్ 1,500, టార్చి 600, రెయిన్‌కోటు 500, రెండు జతల బట్టలు 1,000, చిల్లర సామాన్లు 400, చేతి ఖర్చుకు 500. అన్నీ కలిపి 9,800 తేలింది. మధ్యలో సంక్రాంతి ఉంది. పండక్కి కుట్టుపని వల్ల 3 వేలు అదనంగా వస్తాయి గానీ చాలామంది పండగ అయ్యాకే ఇస్తారు. క్రెడిట్ కార్డు మీద ఇప్పటికే 18 వేలు బాకీ ఉంది, నెలకు వెయ్యి కడుతున్నాం. ఈ ఖర్చు కూడా కార్డు మీద పెట్టి ఈఎమ్‌ఐ చేయించుకోవాలా? పాప సుకన్య సమృద్ధి పొదుపు ఖాతాలో నెలనెలా వేసే వెయ్యి ఆపాలా? లక్ష రూపాయల చీటీ ఉంది, అది పాడేయాలా? ఏదీ కుదరకపోతే వద్దని చెప్పేయాలా? అందరూ వెళ్లి తనొక్కతే ఉండిపోతే పిల్ల చిన్నబోతుందని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందుగా చివరి మాటకు జవాబు చెబుతాను. వద్దని చెప్పకండి, పాపను పంపండి. మీ ఇంటి ఆదాయానికి 3,500 చిన్న మొత్తం కాదు. అయినా పదమూడేళ్ల పిల్ల ఇల్లు వదిలి ఒక రాత్రి ఉండటం, తన సామాను తానే చూసుకోవడం, ఊరి పక్కనే ఉన్న తీరాన్ని టీచర్లతో కలిసి దగ్గరగా చూడటం ఆ డబ్బుకు తగినవే. మీరు పంపిన లెక్కలో ఫీజు 3,500 అయితే మిగతా 6,300 దాని చుట్టూ చేరిన ఖర్చు. మిమ్మల్ని అప్పు వైపు నెడుతున్నది ఫీజు కాదు, ఈ 6,300.

దాన్ని ఒక్కొక్కటిగా చూద్దాం. ట్రాలీ బ్యాగు వద్దు. ఇసుకలో దాని చక్రాలు తిరగవు, పాప దాన్ని చేత్తో మోసుకోవాల్సి వస్తుంది. ఒక్క రాత్రికి స్కూలు బ్యాగులో పుస్తకాలు తీసేస్తే సరిపోతుంది. భుజాన వేసుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కొత్త షూస్ అసలే వద్దు. ఉప్పునీళ్లు, తడి ఇసుక తగిలితే కొత్తవి ఒక్క రోజులో పాడవుతాయి, పైగా అలవాటు కాని బూట్లతో రెండు రోజులు నడిస్తే కాళ్లు బొబ్బలెక్కుతాయి. పీటీ పీరియడ్‌కు వేసుకునే కాన్వాస్ షూస్, తడిలో తిరగడానికి ఇంట్లో వాడే పాత శాండిల్స్ ఇవ్వండి. రెయిన్‌కోటు లిస్టులో ఎందుకుందో టీచర్‌ను అడగండి. మన దగ్గర జనవరి నెలాఖరులో వానలు అరుదు. బహుశా ఏ కాలంలో వెళ్లినా అదే కాగితం ఇస్తుంటారు. ఆ నెలలో రాత్రిపూట సముద్రపు గాలికి చలి వేస్తుంది, కాబట్టి స్వెటర్, చెవులు కప్పే స్కార్ఫ్ మాత్రం తప్పనిసరిగా పెట్టండి. అవి ఇంట్లో ఉండే ఉంటాయి.

టార్చి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 600 పెట్టి బాగా వెలుగొచ్చేది కొనాలనుకున్నారు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లను సేకరించి, కంచె వేసిన చోట పొదిగించి, పిల్లలను సముద్రంలోకి వదులుతుంటారు. తెల్లటి లైటు కళ్లలో పడితే ఒడ్డుకొచ్చిన తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోవచ్చు. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లలైతే సముద్రం వైపు కాకుండా లైటు వైపు పాకిపోతాయి. అందుకే శిబిరంలో రాత్రిపూట ఒడ్డున నడక ఉంటే, ఖరీదైన టార్చి కన్నా చిన్న టార్చికి వెలుగు దాటే పలుచటి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసిందే మంచిది. టార్చి 150లో వస్తుంది, కాగితం స్టేషనరీ షాపులో నాలుగైదు రూపాయలకు దొరుకుతుంది. ఎందుకు చుట్టారో పాపకు చెప్పి పంపండి, తన టార్చి చూసి మిగతా పిల్లలు అడుగుతారు.

బట్టలకు వేరే డబ్బు తీయొద్దు. సంక్రాంతికి ఎలాగూ కొత్త బట్టలు కొంటారు. ఈసారి పట్టు లంగానో ఖరీదైన డ్రెస్సో కాకుండా ఒక మంచి చుడీదార్, ఒక ట్రాక్ ప్యాంటు, టీషర్టు తీసుకుందామని పాపను అడగండి. శిబిరం ఉందని తెలుసు కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. దోమల క్రీము, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, తడి బట్టలకు కవర్లు, సబ్బు, దువ్వెన లాంటి వాటికి 350 చాలు. చేతి ఖర్చుకు 200 ఇవ్వండి. తాతగారు, అమ్మమ్మ పండక్కి చేతిలో పెట్టే డబ్బులుంటే అవి కలుపుకోవాలో వద్దో తననే తేల్చుకోనివ్వండి.

ఇప్పుడు లెక్క 3,500, 150, 350, 200 కలిపి 4,200. టార్చి కాగితం ఆ చిల్లర సామాన్లలోకే వస్తుంది.

ఇక డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది చూద్దాం. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం కుట్టుకూలి పండగ తర్వాత వస్తుందన్నది. అంటే మీకు డబ్బు లేక కాదు, మూడు నాలుగు వారాలు ఆలస్యంగా చేతికొస్తోంది. ఆ నాలుగు వారాల కోసం రెండేళ్ల ఈఎమ్‌ఐ పెట్టుకోవడం తగదు. ఈ నెల జాకెట్టు గుడ్డలు తెచ్చినవాళ్లను సగం కూలి ముందే అడగండి. పండగ ముందు టైలర్లందరూ అడ్వాన్సు తీసుకుంటారు, మీరూ తీసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. అలా 1,500 వస్తాయి. జనవరి జీతంలోంచి ఒక వెయ్యి తీయండి. ఇంకో వెయ్యి జనవరి సుకన్య వాయిదాలోంచి. ఇక్కడికి ఫీజు పూర్తయింది. పండగ అయ్యాక వచ్చే మిగతా 1,500లోంచి 700 చిల్లర ఖర్చులకు పోగా 800 ఉంటాయి. దానికి 200 కలిపి, జనవరి, ఫిబ్రవరి వాయిదాలు రెండూ ఫిబ్రవరి 5లోపు సుకన్యలో వేసేయండి.

సుకన్య ముట్టుకోకూడదని చాలామంది నమ్ముతారు. ఖాతాలోంచి తీయకూడదన్నది నిజమే. పాపకు 18 ఏళ్లు నిండాక గానీ, పదో తరగతి పాసయ్యాక గానీ చదువు కోసం సగం వరకే తీయనిస్తారు. కానీ ఒక నెల వాయిదా వెనక్కి జరపడం వేరు. ఆ పథకంలో ఆర్థిక సంవత్సరానికి కనీసం 250 కడితే ఖాతా సక్రమంగా ఉన్నట్టే, నెలనెలా వేయాలన్న నిబంధన లేదు. ప్రస్తుతం వడ్డీ 8.2 శాతం. నెలలో 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఉన్న నిల్వల్లో తక్కువ దాని మీద వడ్డీ లెక్కేస్తారు. వెయ్యి రూపాయలు ఒక నెల ఆలస్యమైతే మీకు పోయేది 7 రూపాయల లోపే. అదే వెయ్యి కార్డు మీద పెడితే నెలకు 41 రూపాయలు పోతాయి. ఫిబ్రవరి 5 దాటనివ్వకండి. ఒక నెల ఆగింది కదా అని మూడు నెలలు ఆగితే ఆ అలవాటు మళ్లీ దారిలో పడటం కష్టం.

చీటీ పాడొద్దు. మొదటి నెలల్లో లక్ష చీటీకి పాట 20, 25 వేల దాకా పోతుంటుంది. 4 వేల అవసరం కోసం అంత వదులుకోకూడదు. మీ చీటీ చివరి నెలల్లో ఉండి, పాట బాగా తగ్గిపోయి ఉంటే మాత్రం పాడి, ఆ డబ్బుతో ముందు కార్డు బాకీ తీర్చేయండి.

ఆ కార్డే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. చాలా కార్డుల్లో వడ్డీ నెలకు 3.5 శాతం దగ్గర ఉంటుంది. మీది అంతే అనుకుంటే 18 వేల మీద నెలకు 630, దాని మీద 18 శాతం జీఎస్టీ 113, మొత్తం 743. మీరు కడుతున్న వెయ్యిలో అసలుకు పోయేది 257 మాత్రమే. ఇలాగే కడుతూ పోతే, కొత్తగా రూపాయి కూడా వాడకపోయినా తీరడానికి దాదాపు 34 నెలలు పడుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పోయిన బిల్లు పూర్తిగా కట్టనప్పుడు కొత్తగా కొన్న వస్తువుకు వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి ట్రాలీ బ్యాగు కార్డు మీద కొంటే, పాప దాన్ని బస్సు ఎక్కించే లోపే వడ్డీ పడుతుంది.

ఈఎమ్‌ఐ గురించి అడిగారు కదా, దాన్ని పాత 18 వేలకు వాడండి. మీ ఆయన్ను బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఉన్న బాకీని ఈఎమ్‌ఐగా మార్చమని అడగమనండి. ఏడాదికి 16 శాతం దగ్గర దొరికితే 24 నెలలకు వాయిదా 881, వడ్డీ మీద జీఎస్టీ కలిపినా మొదటి నెలలో 925 దాటదు. ఇప్పుడు కట్టే వెయ్యి కన్నా తక్కువే, పది నెలలు ముందే తీరిపోతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, మధ్యలో మొత్తం కట్టేస్తే చార్జీ ఉంటుందా అన్న రెండు ప్రశ్నలూ ఒప్పుకునే ముందే అడగాలి. ఇది అయ్యేదాకా కార్డు బీరువాలో పెట్టేయండి.

స్కూలుకు ఫీజు కట్టే రోజున కూడా కొన్ని విషయాలు తేల్చుకోండి. బస్సు, భోజనాలు, ప్రవేశ టికెట్లు అన్నీ 3,500లోనే ఉన్నాయా? ముందు రోజు పాపకు జ్వరం వస్తే ఎంత వెనక్కి ఇస్తారు? రెండు విడతలుగా కట్టనిస్తారా? చాలా స్కూళ్లు ముందుగా అడిగితే కాదనవు, చివరి రోజున అడిగితేనే ఇబ్బంది. రాత్రి ఆడపిల్లల దగ్గర ఎంతమంది లేడీ టీచర్లు ఉంటారో, పిల్లలను నీళ్లలోకి దిగనిస్తారో లేదో కూడా అడగండి. విశాఖ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. పిల్లల భద్రత దగ్గర ఖర్చు తగ్గించమని అడగకండి, అదనంగా వంద అడిగినా ఇవ్వండి.

పాపతో మాట్లాడేటప్పుడు డబ్బు లేదని అబద్ధం చెప్పొద్దు, అప్పు చేసి పంపుతున్నామని బెదిరించొద్దు. 4,200 లెక్క కాగితం మీద రాసి చూపించండి. ఎనిమిదో తరగతి పిల్లకు అర్థమవుతుంది. బ్యాగు విషయంలో ముఖం మాడ్చుకోవచ్చు, రెండు రోజులు ఓపిక పట్టండి.

రెండు మూడేళ్లలో బాబుకూ ఇలాంటి కాగితమే వస్తుంది. ఫిబ్రవరి జీతం పడగానే బ్యాంకులో పన్నెండు నెలల రికరింగ్ డిపాజిట్ నెలకు 300తో తెరవండి. కార్డు అప్పు ఉండగా పొదుపేమిటని మీ ఆయన అనొచ్చు, వడ్డీ లెక్కలో ఆయన మాట నిజమే. అయినా ఆ 3,600 పక్కన లేకపోతే తర్వాత వచ్చే ట్రిప్పు మళ్లీ అదే కార్డు మీదకు వెళ్తుంది.