ఎవరూ చనిపోని కథ కావాలన్న పాపకు

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్లు. మాయలూ మంత్రాలూ ఉన్న కథలంటే చెవి కోసుకుంటుంది. మొన్నటి వేసవిలో మా మామగారు కాలం చేసిన నాటి నుంచి మాత్రం ఏ పుస్తకం ఇచ్చినా "ఇందులో ఎవరైనా చనిపోతారా?" అని అడిగి పక్కన పెట్టేస్తోంది. ఎవరూ చనిపోని మంచి కథ ఏదైనా చెప్పగలరా? ఇంగ్లీషు పుస్తకమైనా చదువుతుంది.
— ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, అమెరికన్ రచయిత్రి నాటలీ బాబిట్ 1975లో రాసిన ‘టక్ ఎవర్‌లాస్టింగ్’ అనే చిన్న నవల ఇవ్వండి. అందులో టక్ దంపతులూ వారి ఇద్దరు కొడుకులూ అడవిలో ఒక పెద్ద చెట్టు మొదట ఊరే నీళ్లను తెలియక తాగి, 87 ఏళ్లుగా ఒక్కరోజు వయసు కూడా పెరగకుండా, చావన్నది లేకుండా బతుకుతుంటారు. చిన్న కొడుకు జెస్సీకి 104 ఏళ్లు. చూడటానికి 17 ఏళ్ల కుర్రవాడు. అతడు గులకరాళ్లు పక్కకు జరిపి ఆ నీళ్లు తాగుతుండగా పదేళ్ల విన్నీ అనే అమ్మాయి కంటపడతాడు. వాగు ఇసుకలో చెలిమె తోడటం చూసిన పిల్లలకు ఈ దృశ్యాన్ని వివరించనక్కర్లేదు.

మన కథల్లో ప్రాణాన్ని చిలుకలో దాచుకునేవాడు మాయల ఫకీరు కనుక, ఆ చిలుక చచ్చినప్పుడు పిల్లలకు సంతోషమే కలుగుతుంది. ఇక్కడ మాత్రం ఆ వరం, కోరుకోని మంచివాళ్ల నెత్తిన పడింది. పెద్ద కొడుకు మైల్స్‌కు ఎన్నాళ్లయినా వయసు మీద పడకపోవడం చూసి, ఆత్మను సైతానుకు అమ్ముకున్నాడని భయపడిన భార్య పిల్లలను తీసుకొని వెళ్లిపోతుంది. తండ్రి టక్ విన్నీని పడవలో చెరువు మీదికి తీసుకువెళ్లి మాట్లాడే అధ్యాయం ఈ నవలకంతటికీ ప్రాణం: నీరు సాగిపోతూనే ఉంటుంది, పడవ మాత్రం పడిపోయిన చెట్టు కొమ్మల్లో చిక్కుకొని ఆగిపోతుంది, తమ బతుకూ అంతేనంటాడు. వీలైతే ఆ అధ్యాయాన్ని పాకాల చెరువు గట్టు మీద కూర్చొని చదివించండి. ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువుకు చేరేలా కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులున్న ప్రాంతం మనది కనుక, టక్ మాట పాపకు త్వరగానే అందుతుంది.

మొదటి పేజీలు కొంత నెమ్మదిగా నడుస్తాయి. ఆగస్టు మొదటి వారాన్ని రచయిత్రి జెయింట్ వీల్ పైకొసన ఆగిన పీటతో పోలుస్తుంది. జాతరలో అది ఎక్కిన పిల్లలకు ఆ పోలిక ఇట్టే తెలుస్తుంది కానీ, మనకు వానలు పడే ఆ నెలలో అక్కడ మన మే నెలలాంటి ఉక్కపోత అని ముందే చెప్పాలి. 2002లో వచ్చిన సినిమాను మాత్రం ముందు చూపించకండి. అందులో విన్నీని 15 ఏళ్ల అమ్మాయిని చేసి, ప్రేమకథకు పెద్దపీట వేశారు.

ఇందులో ఎవరూ చనిపోరని పాపకు మాట ఇవ్వకండి. ఆ నీటిని అమ్ముకోవాలని చూసే ఒక మనిషి, టక్ భార్య మే కొట్టిన దెబ్బకు చనిపోతాడు. 1950లో జరిగే చివరి పేజీల్లో టక్ దంపతులు ఆ ఊరికి తిరిగివస్తారు, టక్ ఒక సమాధి ముందు నిలబడతాడు. ఆ పేజీలను ముందు మీరు చదివి, తర్వాత పాపతో రాత్రి పడుకోబోయే ముందు కాక పగటిపూట, పక్కనే కూర్చొని చదివించండి. తాతయ్య ప్రస్తావన వస్తే పుస్తకం మూసి, ఆ మాటలే సాగనివ్వండి.