కాన్వాస్ బూట్ల మీద వేసిన బొమ్మ వేళ్ల దగ్గర పగిలిపోతోందా?

పిల్లల కోసం వాలంటీర్‌గా మీరు బొమ్మలేసిన కాన్వాస్ బూట్లు వేళ్ల మడత దగ్గరే పగిలాయంటే, మామూలు అక్రిలిక్ రంగును నేరుగా, మందంగా వేసి ఉంటారు. ఎండాక అది ప్లాస్టిక్ పొరలా బిగుసుకుంటుంది.

1. లేసులు తీసి, తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: లోపల పాత న్యూస్‌పేపర్ గట్టిగా కుక్కండి. గుడ్డ బిగువుగా సాగి ఉంటే రంగు నేతలోకి బాగా దిగుతుంది. ఖాళీ బూటు మీద వేస్తే ముడతలో గడ్డకట్టి, నాలుగడుగులు వేయగానే పగులుతుంది.

3. అక్రిలిక్‌లో ఫ్యాబ్రిక్ మీడియం (గుడ్డ మీద రంగు బిగుసుకోకుండా మెత్తగా ఉంచే ద్రవం) కలపండి, సీసా మీద రాసిన కొలతలోనే. పల్చగా రెండు మూడు పూతలు, ఒకటి ఆరాకే ఇంకొకటి.

4. చివర్లో హెయిర్ డ్రయ్యర్‌తో వేడి పట్టించండి.

పగిలిన జతకు ఊడే పెచ్చులు తీసేసి 2 నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పిల్లలు ఎదురుచూస్తున్నారని టెన్షన్ పడి పచ్చిగా ఉన్నవి ఇచ్చేయకండి, మర్నాడు ఇవ్వండి.