మందు తాగను, కమిటీలో ఎవరూ తెలీదు, సోషల్ ఆఫీసర్‌కి నిలబడొచ్చా?

బ్రిటన్‌లో డిగ్రీ ఫస్ట్ ఇయర్, యూనివర్సిటీలో పొలిటికల్ సొసైటీలో (రాజకీయాల మీద ఆసక్తి ఉన్న విద్యార్థుల క్లబ్) మెంబర్, మార్చిలో ఏజీఎం (కొత్త కమిటీని ఎన్నుకునే వార్షిక సమావేశం) ఉంది, సోషల్ ఆఫీసర్‌కి (సోషల్స్, అంటే మెంబర్లు సరదాగా కలుసుకునే కార్యక్రమాలు చూసుకునే పోస్టు) నామినేషన్ వెయ్యాలని ఉంది కానీ మందు తాగను, కమిటీలో పరిచయాలు లేవు, రాజకీయాల గురించి గట్టిగా మాట్లాడే అలవాటు కూడా లేదు, పోటీ చెయ్యొచ్చా, స్పీచ్‌లో ఏం చెప్పాలి అని అడిగారు.

వెయ్యండి. నేను సెకండ్ ఇయర్‌లో ఇదే పోస్టుకి ఇలాంటి పరిస్థితిలోనే నిలబడి గెలిచాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు నా మొదటి సోషల్ గురించి చెప్పాలి, ఎందుకంటే నేను పోటీ చెయ్యడానికి అసలు కారణం అదే. ఫ్రెషర్స్ అయిపోయిన వారం, ఒక పబ్ పైగదిలో పెట్టారు. తలుపు తీసుకుని లోపలికి వెళ్తే ఒక పాతికమంది నాలుగు గుంపులుగా గుండ్రంగా నిలబడి మాట్లాడుకుంటున్నారు, నాకు అందరి వీపులే కనిపిస్తున్నాయి. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, కావాలని చేసింది కూడా కాదు, కానీ ఆ వీపుల మధ్యలోకి ఎలా దూరాలో నాకు అర్థం కాలేదు. గోడ మీద అగ్నిప్రమాదం జరిగితే ఎటు వెళ్ళాలో చెప్పే కాగితం అంటించి ఉంటే దాన్ని మూడుసార్లు చదివాను. 20 నిమిషాలకి వెళ్ళిపోయాను. మళ్ళీ సొసైటీ మొహం చూడ్డానికి ఆరు వారాలు పట్టింది, అది కూడా ఒక డిబేట్ టాపిక్ మీద ఆసక్తితో వెళ్ళాను తప్ప వాళ్ళు పిలిచారని కాదు.

అందుకే నా దృష్టిలో ఈ పోస్టు పార్టీలు పెట్టే పోస్టు కాదండీ. ఒంటరిగా వచ్చిన మనిషి రెండోసారి వస్తాడా రాడా అన్నది తేల్చే పోస్టు. ప్రెసిడెంట్ ఎంత పెద్ద స్పీకర్‌ని పిలిచినా, ఆ రోజు పక్క కుర్చీలో ఉన్నవాళ్ళు పేరు అడగకపోతే కొత్తవాళ్ళు నిలవరు. మీకు పరిచయాలు లేవు అన్నారు చూడండి, దాన్ని లోపం అనుకోకండి, బయట నిలబడితే ఎలా ఉంటుందో మీకు ఇంకా గుర్తుంది, కమిటీలో రెండేళ్ళుగా ఉన్నవాళ్ళకి అది గుర్తుండదు.

హస్టింగ్స్‌లో, అంటే అభ్యర్థులు ఓటర్ల ముందు మాట్లాడే సభలో, మాకు మనిషికి రెండు నిమిషాలు ఇచ్చారు. నేను ఆ పైగది సంగతే చెప్పి, రెండే మాటలు ఇచ్చాను. ఒకటి, ప్రతి సోషల్‌లో మొదటి గంట ఇద్దరు కమిటీ మెంబర్లు తలుపు దగ్గరే ఉంటారు, వచ్చినవాళ్ళ పేరు అడిగి ఇంకొకరికి పరిచయం చేసేదాకా వదలరు. రెండు, సోషల్స్‌లో సగం మందు లేని చోట జరుగుతాయి. వెంటనే వెనక నుంచి ప్రశ్న వచ్చింది, అంటే పబ్ నైట్లు ఆపేస్తారా అని. ఇది మిమ్మల్నీ కచ్చితంగా అడుగుతారు కాబట్టి జవాబు రెడీగా పెట్టుకోండి. ఆపను, నేనూ వస్తాను, కానీ సొసైటీలో ఉండాలంటే పబ్‌కి రావడం ఒక్కటే దారి కాకూడదు అన్నాను. చప్పట్లు అక్కడే పడ్డాయి, తాగేవాళ్ళే ఎక్కువ కొట్టారు.

ఇప్పుడు ఓట్ల లెక్క, ఇది చాలామంది పట్టించుకోరు. అక్కడ చాలా స్టూడెంట్ యూనియన్లలో బ్యాలెట్ మీద ఒక్క పేరుకి టిక్ పెట్టడం కాదు, 1, 2, 3 అని వరుస ఇవ్వాలి. సగానికి మించి ఎవరికీ రాకపోతే ఆఖర్న ఉన్నవాళ్ళని తీసేసి, ఆ ఓట్లని వాటి మీద రాసిన తర్వాతి నంబరుకి పంచుతారు. మాకు ముగ్గురం పోటీ, మొదటి లెక్కలో 19, 16, 9. ఆ 16 నాది. 9 వచ్చినతన్ని తీసేస్తే అతని ఓట్లలో 7 నాకు, 2 అవతలి అమ్మాయికి వెళ్ళాయి, 23–21తో గెలిచాను. ఆ 7 ఊరికే రాలేదు. వేరే పార్టీల సొసైటీలతో కలిపి డిబేట్, ఆ తర్వాత కలిసి కూర్చోవడం అన్న ఐడియా అతనిది, బావుందని అందరి ముందూ చెప్పాను, గెలిస్తే చేస్తానన్నాను, అతని ఫ్రెండ్స్‌ని నేరుగానే అడిగాను, మీ ఫస్ట్ ఎవరో నాకు తెలుసు, రెండో నంబరు నాకివ్వండి అని. అలా అడగడంలో తప్పేమీ లేదు.

బ్యాలెట్‌లో రాన్ అని కూడా ఒకటి ఉంటుంది, అంటే నామినేషన్లు మళ్ళీ తెరవండి అని, మన నోటా లాంటిదే గానీ ఇది గెలిస్తే నిజంగానే ఎన్నిక మళ్ళీ పెట్టాలి. కాబట్టి మీరొక్కరే నిలబడ్డా ప్రచారం మానకండి. ఇంకోటి, డబ్బు కట్టి మెంబర్‌షిప్ తీసుకున్నవాళ్ళకే ఓటు ఉండటం మామూలు, మీకు వేస్తామన్న ఫ్రెండ్స్ మెంబర్లో కాదో ముందే కనుక్కోండి.

ప్రెసిడెంట్ అభ్యర్థులు తమ ప్యానెల్లో చేరమని అడగొచ్చు. నన్నూ ఇద్దరు అడిగారు, ఇద్దరికీ వద్దన్నాను. పొలిటికల్ సొసైటీ అంటే లోపల వర్గాలు ఉండనే ఉంటాయి, ఒకే పార్టీ వాళ్ళే ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు, ఆ అరుపులైన రాత్రి రెండు వైపులవాళ్ళూ మీ బల్ల దగ్గరికి వచ్చి కూర్చోగలగాలి. ఒక వైపు పేరు మీద గెలిస్తే రెండో వైపు రాదు.

మాస్టర్స్ వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ కోర్సు ఏడాదే కాబట్టి మార్చిలో గెలిచినా పని మొదలయ్యే సెప్టెంబర్‌కి మీ క్లాసులు అయిపోతాయి, అక్టోబర్‌లో ఖాళీ పోస్టులకి ఉపఎన్నిక ఏమైనా ఉందేమో అడగండి. స్టూడెంట్ యూనియన్‌లో జీతం తీసుకుని పూర్తికాలం పనిచేసే సబాటికల్ ఆఫీసర్ ఎన్నికతో దీన్ని కలపకండి, దానికి 1994 ఎడ్యుకేషన్ యాక్ట్ ప్రకారం రహస్య బ్యాలెట్, మొత్తం రెండేళ్ళ పరిమితి లాంటివి ఉన్నాయి. మనది జీతం లేని పని.

గెలిచాక నేను చేసిన ఒక తప్పు చెప్తాను, ఇది మీరు చెయ్యకూడదనే ఇంత రాస్తున్నా. గదులు ఎండాకాలంలోనే బుక్ చెయ్యాల్సింది పరీక్షలు, ఊరికి వెళ్ళడం అంటూ సెప్టెంబర్ దాకా లాగాను. దొరికిన గది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మా మెంబర్ ఒకతను వీల్‌చెయిర్‌లో వస్తాడు, ఆ సాయంత్రం వచ్చి కింద మెట్ల దగ్గర నుంచి నాకు మెసేజ్ పెట్టాడు, "పైకి ఎలా రావాలి?" అని. నేను పరిగెత్తుకుంటూ దిగేసరికి జాకెట్ జిప్పు పైదాకా పెట్టుకుని వెనక్కి తిరిగి ఉన్నాడు. తలుపు దగ్గర ఎవరూ ఒంటరిగా ఉండరని మాట ఇచ్చి గెలిచినదాన్ని నేనే. క్షమాపణ చెప్పి అందరినీ కిందికి తీసుకొచ్చి క్యాంపస్ కెఫేలో కూర్చోబెట్టాను, అతను ఉన్నాడు, కానీ ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు. ఆ తర్వాత నా బుకింగ్ ఫారంలో మొదటి ప్రశ్న మెట్లు లేకుండా లోపలికి రావచ్చా అన్నదే.

మీ మేనిఫెస్టోలో దీన్ని ఒక వాక్యంగా పెట్టండి, నిజంగా చేస్తాననుకుంటేనే పెట్టండి. నామినేషన్ గడువు ఎప్పుడో, మేనిఫెస్టోకి ఎన్ని పదాలు ఇచ్చారో రాసి, మీ డ్రాఫ్ట్ కూడా ఇక్కడే పెట్టండి, ఈ రాత్రికే చూసి చెప్తాను.