పంట చందా ఏ డబ్బులోంచి కట్టాలి?

ప్రశ్న: మా నగరానికి దగ్గర్లోని రైతుల బృందం 24 వారాల పాటు వారానికో సంచి కూరగాయలు ఇస్తామని, చందా మొత్తం విత్తులకు ముందే కట్టమంటోంది. వాళ్లు నడిపే సహకార దుకాణంలో వాటా కూడా తీసుకోమంటున్నారు. నా దగ్గర ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉంది. అందులోంచి రెండూ కట్టేయవచ్చా?

జవాబు: అత్యవసర నిధిని కదపకండి. ఈ రెండూ ఒకే రైతులకు చేరుతున్నా, మీ లెక్కల్లో మాత్రం వేర్వేరు పద్దులు. చందా అంటే వంటింటి ఖర్చును ముందుగా కట్టడం. వాటా అంటే పెట్టుబడి, అదీ అడిగిన వెంటనే తిరిగి రానిది.

విత్తనాలు, ఎరువు, కూలీల ఖర్చు పంట చేతికి రాకముందే మీద పడతాయి. అప్పుడు మీ డబ్బు అందితే రైతుకు అప్పు అవసరం తగ్గుతుంది. దానికి బదులుగా, పంట దెబ్బతింటే ఆ నష్టంలో మీరూ పాలుపంచుకుంటారు. అందుకు సిద్ధపడే కట్టాలి.

ముందుగా కట్టినందుకు మీరు వదులుకునే వడ్డీ చాలా తక్కువ. వారం వారం సరుకు వస్తూనే ఉంటుంది కాబట్టి, మొదటి సంచికి వారం ముందు నుంచి లెక్కిస్తే మీ సొమ్ము సగటున పన్నెండున్నర వారాలే రైతు దగ్గర ఉంటుంది. విత్తు నుంచి అప్పటిదాకా గడిచే వారాలు దీనికి అదనం. ఏడాదికి 8 శాతం వడ్డీ వచ్చే డబ్బయితే, ఆ పన్నెండున్నర వారాలకు మీరు వదులుకునేది చందాలో సుమారు 2 శాతం. అయితే క్రెడిట్ కార్డు మీద కట్టి బాకీ సాగదీయకండి. నెలకు 3 శాతం వడ్డీ పడితే ఈ ఏర్పాటులో మీకు మిగిలేదేమీ ఉండదు.

అసలు నష్టం చెత్తబుట్టలో ఉంటుంది. సంచిలో 20 శాతం కుళ్లిపోతే, తిన్న కూరగాయల ధర 25 శాతం పెరిగినట్టే. అందుకే కట్టేముందు రెండు వారాలు ఇంట్లో నిజంగా వండిన కూరగాయలను తూచి రాసుకోండి. సంచి బరువు అంతకంటే బాగా ఎక్కువైతే పక్కింటివాళ్లతో కలిసి సగం సగం తీసుకోండి. సంచిలో ఏముండాలో పొలమే నిర్ణయిస్తుంది, మీరు కాదు. కాబట్టి సంచి వచ్చాకే బజారుకు వెళ్లండి. లేకపోతే ఒకే కూరకు రెండుసార్లు ఖర్చు పెడతారు. క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్ ఇంటికి రాగానే ఆకులు తుంచి వేరుగా పెట్టండి. ఆకులు దుంపల్లోని తేమను లాగేస్తాయి, రెండు రోజుల్లోనే దుంపలు మెత్తబడతాయి.

డబ్బు సమకూర్చుకోవడం కష్టం కాదు. ఈ సీజన్‌కు మూడు వాయిదాలు అడగండి. మొదటిది మాత్రం విత్తులకు ముందే ఇవ్వండి, రైతుకు అక్కరకొచ్చేది అదే. వచ్చే సీజన్ కోసం చందాను 12తో భాగించి, ప్రతి నెలా అంత మొత్తం కూరగాయల బడ్జెట్‌లోంచి వేరే ఖాతాలో వేయండి. పంట పోతే ఏం చేస్తారు, మీరు ఊళ్లో లేని వారం సంచిని ఇంకొకరికి ఇవ్వవచ్చా, మధ్యలో మానుకుంటే ఎంత తిరిగి వస్తుంది, ఈ మూడింటికీ సమాధానాలు కాగితం మీద ఉండాలి.

వాటా విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అది బ్యాంకు డిపాజిట్ కాదు, డిపాజిట్‌కు ఉండే బీమా దీనికి ఉండదు. ఎన్ని వాటాలు కొన్నా సాధారణంగా సభ్యుడికి ఒక్కటే ఓటు. మూడేళ్ల జమాఖర్చులు అడిగి తీసుకోండి. పాడైపోయిన సరుకు పద్దు ఏటికేడు పెరుగుతోందా? ఏడాదిలోపు తీర్చాల్సిన బాకీలు చేతిలో ఉన్న నగదు, రావాల్సిన సొమ్ము కంటే ఎక్కువా? సభ్యులు ఎప్పుడైనా వెనక్కి అడగగల వాటా డబ్బుతో శీతల గిడ్డంగి కట్టారేమో తప్పకుండా చూడండి. మంచి సంఘాలు కూడా ఇక్కడే ఇరుక్కుంటాయి. గిడ్డంగి విలువ ఎంతున్నా పదిమంది ఒకేసారి వాటా వెనక్కి అడిగితే చేతిలో నగదు ఉండదు. అలాంటి కట్టడాలకు దీర్ఘకాలిక రుణం గానీ, సభ్యులు నిర్ణీత గడువుకు పెట్టిన డిపాజిట్లు గానీ వాడాలి.

లెక్కలు బాగుంటే, అత్యవసర నిధి పోగా మిగిలిన పొదుపులో 2 శాతం దాటకుండా వాటా కొనండి. ఆ మిగులు ఇప్పుడు లేకపోతే ఈ ఏడాది చందాతో ఆగండి. ఒకేసారి పెద్ద వాటా కొని మరుసటి ఏడాది మానేసే సభ్యుడి కంటే ఏటా చందా కట్టే కుటుంబమే ఆ రైతులకు ఎక్కువ అవసరం. వచ్చే ఏడాది ఎంత విస్తీర్ణంలో వేయాలో వాళ్లు లెక్కవేసుకునేది మీ చందాను బట్టే.