డిజిలాకర్‌లో లైసెన్స్ చెల్లదన్నారా? ఏ విభాగంలో ఉందో చూడండి

నమస్తే అండీ. మన కాగితాలు ఫోన్‌లో దాచుకునే ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో డ్రైవింగ్ లైసెన్స్ చూపించినా తనిఖీలో ఒప్పుకోలేదన్నారు. మీరు పెట్టిన స్క్రీన్‌షాట్ చూశాను, అది 'అప్‌లోడెడ్' విభాగంలో ఉంది. చిక్కంతా అక్కడే. కార్డును ఫోటో తీసి మనమే ఎక్కించుకున్నది జిరాక్స్ లాంటిదే. రవాణా శాఖ రికార్డుల నుంచి నేరుగా వచ్చి 'ఇష్యూడ్' విభాగంలో కనిపించేదే అసలు కార్డుతో సమానం. 2016 నాటి డిజిటల్ లాకర్ నియమాలకు 2017లో చేసిన సవరణ ఆ మాటే చెబుతోంది. 2018లో కేంద్ర మోటారు వాహనాల నియమం 139ని కూడా మార్చి, కాగితాలు ఫోన్‌లో చూపించడానికి వీలిచ్చారు. కాబట్టి హక్కు మీదే, టెన్షన్ పడకండి.

యాప్‌లో 'డ్రైవింగ్ లైసెన్స్' అని వెతికి, కార్డు మీదున్న నంబరు కొట్టి తెప్పించుకోండి. ఆధార్‌లో పేరు, లైసెన్స్‌లో పేరు కలవకపోతే మాత్రం రాదు. మా నాన్నగారి ఇంటిపేరు ఒకదాంట్లో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తిగా ఉండేది. రెండుసార్లు తిప్పికొట్టింది. ఆధార్‌లో సరిచేయించాక నిమిషంలో వచ్చేసింది, ఆయన ముఖంలో ఆ సంతోషం చూడాలి! పాతకాలం పుస్తకం లైసెన్స్ అయితే, ఆర్టీఏ ఆఫీసులో మీ వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కాయో లేదో ముందు కనుక్కోండి.