విలస పులస అయితే కొత్త జాతి పుట్టినట్టేనా?

ప్రశ్న: సముద్రంలో విలసగా తిరిగే చేప వరద రోజుల్లో గోదావరిలోకి ఎదురీది వచ్చి పులసగా మారుతుందని మా వైపు చెబుతారు. రుచీ, ధరా రెండూ మారిపోతాయి. పరిణామక్రమంలో కొత్త జాతులు పుట్టేది కూడా ఇలాగేనా?
– ఒక పాఠకుడు, యానాం

జవాబు: ధరను చూస్తే వేరే జాతి అనే అనిపిస్తుంది గానీ, జీవశాస్త్రం లెక్కలో విలస, పులస ఒకే జాతి చేప. ఎర్రనీటికి ఎదురీదేటప్పుడు దాని ఒంట్లో వచ్చే మార్పు పిల్లలకు సంక్రమించదు. పైగా ఏటిలో పొదిగిన పిల్లలు తిరిగి సముద్రానికి దిగి అక్కడి మందల్లో కలిసిపోతాయి. తమలో తాము సంతానాన్ని కంటూ, ఇతర సమూహాలతో అలా కలవని జీవుల సమూహమే జాతి అని 1942లో జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మయర్ నిర్వచించాడు. బాక్టీరియా వంటి వాటికి ఈ నిర్వచనం అతకదు. చేపలకు మాత్రం బాగానే పనికొస్తుంది.

మీ ప్రశ్నకు దగ్గరి పోలిక స్టికిల్‌బ్యాక్ అనే వేలెడంత చేపలో ఉంది. చల్లని ఉత్తర సముద్రాల్లో బతికే ఈ చేప కూడా గుడ్లు పెట్టడానికి మంచినీటికి వస్తుంది. సుమారు 12,000 ఏళ్ల క్రితం మంచుయుగం ముగిసి, మంచు బరువు తొలగిన నేల పైకి లేచినప్పుడు, వీటిలో కొన్ని సరస్సుల్లో చిక్కుబడి, సముద్రంలోని తమవాటితో కలిసే దారి కోల్పోయాయి. అక్కడ ఒంటిమీద ఎముక పలకలు తక్కువగా ఉన్నవే ఎక్కువగా బతికి, ఆ లక్షణాన్ని తరతరాలుగా పిల్లలకు అందించాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కొన్ని సరస్సుల్లోనైతే ఇవి ఏకంగా రెండు జాతులుగా నిలిచాయి: అడుగున పురుగులను ఏరుకునే బొద్దువి ఒకటి, నడినీటిలో ప్లవకాలను (నీటిలో తేలియాడే చిన్నచిన్న జీవులను) తినే సన్ననివి మరొకటి. ఆడచేప తనంత పరిమాణమున్న మగచేపనే ఎంచుకోవడం వల్ల ఇవి అరుదుగా తప్ప జతకట్టవు. జతకట్టినా, పుట్టిన సంకరాలు రెండు చోట్లా తిండికి వెనకబడతాయి. అయితే ఈ ఎడం శాశ్వతమేమీ కాదు. ఎనాస్ అనే సరస్సులో ఆ రెండు జాతులూ మళ్లీ కలగలిసిపోయాయి.

ధవళేశ్వరంలో 1852లో ఆనకట్ట పూర్తయింది కదా, అది పులసను వేరు చేయలేదా అని మీకు సందేహం రావచ్చు. ఆ కట్టడం ఎగువకు పోయే దారికి అడ్డుపడింది గానీ, కిందికి, సముద్రానికి దిగే దారి పులసకు ఇప్పటికీ తెరిచే ఉంది.